సొంత తప్పుకు సగం మార్కు

తిరుమణి దావ పక్కన నా మెస్సు ఉండాది. సోలారు పనికి యాడాడి నుంచో వచ్చిన పిల్లోళ్ళు పొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం సంగటీ పప్పూ తిని పోతారు. ఈసారి బడులు తెరిచిన వారంలో, నేను రసానికి తిరగవాత పెడతా ఉంటే మా తమ్ముని కూతురు వచ్చి ఒక కాగితం నా ముందర పెట్టింది. పావగడలో ఇంగ్లీషు మీడియం బడిలో తొమ్మిదో తరగతి ఆ పిల్ల.

"అత్తా, నాన్న ప్లాంటుకు పోయినాడు. మాపటికి గానీ రాడు. నువ్వు సైను చెయ్యి."

చేతులు తుడుచుకుని చదివినాను. ఇంగ్లీషు క్లాసులో పిల్లలు ఎట్లుండాల, దేనికెన్ని మార్కులు అని అచ్చేసి ఉండాది. హోంవర్కుకు ఇన్ని, అక్షరాల అందానికి ఇన్ని, ప్రాజెక్టుకు ఇన్ని.

"తప్పు రాస్తే ఏం చేస్తారంట?"

"కోసేస్తారత్తా."

"సొంతంగా రాసిన తప్పయినా?"

ఆ పిల్ల నా మొగం చూసింది. "తప్పులో సొంతం, పరాయి ఏంది అత్తా?"

సైను చేసిచ్చి పంపిస్తిని. ఆ లోపల పొయ్యి మీద ఆవాలు మాడిపోయి ఉండాయి. నూనె పారబోసి మళ్ళ పెట్టినాను గానీ, మనసు మాత్రం మా హైస్కూలు వాకిట్లోకి పోయి నిలబడిపోయింది.

మా ఊర్నుంచి హైస్కూలుండే ఊరికి చేన్ల నడుమ కాలిదావ. అటూ ఇటూ చెనక్కాయ చేన్లు, నడుమ నడుమ కంది సాళ్ళు, గట్ల మీద తంగేడు. వాన పడిన ఏడు ఆ దావలో పచ్చి కాయల వాసన, తడి మట్టి వాసన. పడని ఏడు ఉత్త దుమ్ము. పడని ఏండ్లే ఎక్కువ. ఆ చేన్లన్నీ ఇప్పుడు కంచె లోపల ఉండాయి. చూపు పోయినంత మేర నీలం పలకలు. మాకు అన్నం పెట్టే పలకలే కాబట్టి వాటి మీద నాకు కోపం లేదు. కానీ నేను బడికి ఎట్ల పోయేదాన్నో మా తమ్ముని కూతురికి చూపిద్దామంటే మాత్రం చూపించలేను.

ఆ దావలో పోయి పోయి మా ఇంట్లో ఇద్దరు ఓడిపోయినారు. మొదట మా చిన్నాయన, తర్వాత మా అక్క. ఇద్దరూ ఎస్సెల్సీలో, అంటే పదో తరగతి పరీక్షలో, ఇంగ్లీషు ఒక్కటే తప్పినారు. లెక్కల్లో, సైన్సులో బాగానే వచ్చినాయి. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు మడతబడినాయి. మా అవ్వ, అంటే మా నాయనమ్మ, దానికొక లెక్క చెప్పేది.

"కొంతమందికి ఉత్తరం వాకిలి అచ్చిరాదు. కొంతమందికి నల్ల ఎద్దు అచ్చిరాదు. మన ఇంటికి ఇంగిలీసు అచ్చిరాదు. అంతే."

నేను ఎనిమిదిలో చేరిన పొద్దు మా నాయన నన్ను పిలిచి చెప్పినాడు. ఆయన అరిచే మనిషి కాదు. మెల్లగానే చెప్పినాడు.

"అర్ధ వార్షికంలో ఇంగ్లీషు పాసైతే చదువుకో. లేకుంటే అక్క జతకు చేన్లోకి రా. చివరి దాకా చదివిచ్చి కడాన ఏడ్చేదానికంటే ముందే తెలుసుకునేది మేలు."

ఆయన మాటలో తప్పేమీ కనపడలేదు నాకు. అక్క ఏడ్చిన రోజులు నేనూ చూసినాను.

మేము చేరినప్పుడు ఉన్న ఇంగ్లీషు మేష్ట్రు బోర్డు మీద జవాబులు రాసేవాడు. మేము ఎక్కించుకుని, బట్టీ పట్టి, అట్లే దించేవాళ్ళం. కన్నడ సీమలో తెలుగు ఊరు మాది. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, వాటి మీద ఇంగ్లీషు. అందులో ఒక్క ముక్కకు అర్థం తెలిసేది కాదు, తెలియాలని మాకెవురూ చెప్పలేదు. ఆ బట్టీలో అందరికంటే గట్టివాడు అంగడాయన కొడుకు. వాళ్ళ నాయనకు బస్సులు నిలబడే చోట పెద్ద అంగడి, పైగా బడి కమిటీకి అధ్యక్షుడు. బెంగళూరు నుంచి గైడు పుస్తకాలు తెప్పించేవాడు. ఆ పిల్లోడు కళ్ళు మూసుకుని రెండు పేజీలు ఆపకుండా అప్పజెప్పేవాడు. ఒక కామా కూడా పోగొట్టేవాడు కాదు.

మేము ఎనిమిదిలో చేరిన నెలకే ఆ మేష్ట్రుకు ట్రాన్స్‌ఫరు అయి, ఆయన చోట ఒక మేడం వచ్చింది. మైసూరు వైపు ఆమె. సన్నంగా, పొడుగ్గా ఉండేది, ఎండకు నల్ల గొడుగు పట్టుకుని నడిచేది. పోస్టాఫీసు పక్కన ఒక గది బాడుగకు తీసుకుంది. ఆ సందులో అప్పటిదాకా కట్టెల పొగ వాసనే. ఆమె వచ్చినాక పొద్దున్నే కాఫీ డికాక్షన్ వాసన మొదలైంది. దానికోసం మేము కావాలనే ఆ సందు చుట్టి బడికి పోయేవాళ్ళం. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆమె కన్నడం మెత్తగా ఉండేది, మాది రాళ్ళ మీద బండి పోయినట్టు ఉండేది.

మొదటి రోజే ఆమె క్లాసు వాకిలికి అడ్డం నిలబడింది.

"లోపలికి రావాలంటే ఇంగ్లీషులో ఒక మాట చెప్పి రావాల," అని కన్నడంలో చెప్పింది. "మే ఐ కమిన్ అనేది కుదరదు. అది మీ మాట కాదు, అందరి మాట. ఈ పొద్దు మీరు చూసింది, తినింది, విన్నది, ఏదైనా చెప్పండి. తప్పున్నా పర్వాలేదు."

మా వరస మొత్తం వాకిట్లోనే నిలిచిపోయింది. పక్క క్లాసు వాళ్ళు కిటికీలో నుంచి చూస్తా ఉండారు. కడాన ఒక పిల్లోడు ధైర్యం చేసి "టుడే సంగటి" అన్నాడు. ఆమె పక్కకు జరిగి లోపలికి దావ ఇచ్చింది. వాని వెనక అందరూ "టుడే సంగటి, టుడే సంగటి" అనుకుంటా దూరబోయినారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ సంగటి వానిది. మీది మీరు తెచ్చుకోండి."

అందరం లోపల కూచున్నాక బోర్డు మీద మార్కుల సంగతి రాసింది. శనివారం శనివారం ఒక వ్యాసం, పది మార్కులు. సొంతంగా రాసి, సరిగ్గా రాస్తే పదికి పది. సొంతంగా రాసి, తప్పు రాస్తే సగం. ఎక్కడినుంచో ఎత్తి రాస్తే, ఎంత సరిగ్గా ఉన్నా సున్నా. మాట తెలియకపోతే ఆమెను అడగొచ్చు, వాక్యం మాత్రం మనదే కావాల.

అంగడాయన కొడుకు లేచి అడిగినాడు. "సరిగ్గా రాసినదానికి సున్నా ఎట్ల ఇస్తారు మేడం?"

"ఇచ్చినప్పుడు చూద్దువులే," అనింది.

మొదటి శనివారం వ్యాసం 'మా ఇంట్లో ఒక జంతువు'. అంగడాయన కొడుకు ఆవు మీద రాసినాడు. ఆవు సాధు జంతువు అని మొదలై, ఆవు వల్ల దేశానికి కలిగే లాభాలతో ముగిసింది. నేనేమో ఏమీ తోచక మా ఎనుము గురించి రాసినాను. మా నాయన దాన్ని కన్నడం మాట్లాడే సిరా ఊరి సంతలో కొనుక్కొచ్చినాడు. పాలియ్యదు, తన్నుతుంది. మాట మాటకూ లేచిపోయి మేడంను అడిగి, నాకు వచ్చిన ఇంగ్లీషులో ఇట్ల రాసినాను: అవర్ బఫెలో నాట్ గివింగ్ మిల్క్. షీ ఈజ్ గివింగ్ కిక్. మై గ్రాండ్‌మదర్ ఈజ్ స్కోల్డింగ్ బఫెలో ఇన్ తెలుగు. బఫెలో నాట్ అండర్‌స్టాండ్. బఫెలో ఈజ్ కన్నడ.

మా అవ్వ తెలుగులో తిడితే ఆ ఎనుముకు అర్థం కాదు, అది కన్నడపు ఎనుము అని నా ఉద్దేశం. ఇంట్లో మేమందరం నిజంగానే అట్ల అనుకునేవాళ్ళం.

మేడం అది చదువుతా చదువుతా కళ్ళద్దాలు తీసి పెట్టి నవ్వింది. అప్పటిదాకా ఆమె నవ్వింది మేము చూడలేదు. నాకు ఆరు మార్కులు వేసింది. ఆ ఎగస్ట్రా మార్కు ఎనుముకంట. తర్వాత అంగడాయన కొడుకును లేపింది.

"మీ ఆవు పేరేంది?"

"ఆవు లేదు మేడం."

"ఎప్పుడన్నా ఉండెనా?"

"లేదు మేడం. అంగడి ఉండాది."

"సరే, కూచో," అని సున్నా చుట్టింది. వాని జన్మలో అది మొదటి సున్నా. ఏడుస్తాడేమోనని అందరం చూసినాం. వాడు ఏడ్వలేదు. ఆ సున్నా ఎవురిదో అన్నట్టు దానివైపు చూస్తా కూచున్నాడు.

రోజూ వాకిట్లో మాట చెప్పేది మాకు కొన్నాళ్ళలోనే ఆటయింది. నాకు మాటలు బాగా దొరికేవి. దావ పొడుగునా ఏరుకుంటా పోయేదాన్ని. "క్రో ఈజ్ సిట్టింగ్ ఆన్ షీప్." "మై స్లిప్పర్ ఈజ్ డెడ్." దొరకని వాళ్ళకు నేను ఒక చింతకాయకు ఒక మాట లెక్కన ఇచ్చేదాన్ని. ఆ యాపారం బాగా నడుస్తా ఉండగా ఒక పొద్దు ఒకని చేత "మై హస్బెండ్ ఈజ్ గోయింగ్ టు మడకశిర" అని చెప్పించినాను. మా పక్కింటామె అన్న మాటను అట్లే ఇంగ్లీషు చేసి ఇచ్చినాను, మగపిల్లోడు చెబుతాడని ఆలోచన లేకుండా. మేడం వాన్ని చూసింది, వాని వెనకాల నన్ను చూసింది, నా జేబులో చింతకాయలు చూసింది. ఆ పొద్దు నన్ను కడాన లోపలికి పిలిచి, అందరి ఎదురుగా మూడు చింతకాయలు తనే తినేసింది. అంతే శిక్ష.

చెనక్కాయలు పీకే కాలం వచ్చింది. కూలీలు దొరకరు, ఇంట్లో చేతులే చేతులు. నేను వారం రోజులు బడికి పోలేదు. పోయిన పొద్దు మేడం "నాళె నిమ్మవ్వన్న కర్కొండు బా" అనింది. రేపు మీ అవ్వను పిలుచుకొని రా అని. ఆమె వైపు అవ్వ అంటే అమ్మ. మాకు అవ్వ అంటే నాయనమ్మ. ఆ సంగతి ఆమెకు తెలీదు, నాకూ తెలీదు. మరుసటి పొద్దు మా అవ్వ తలకు గుడ్డ చుట్టుకుని, కొంగులో వేయించిన చెనక్కాయలు మూటగట్టుకుని నా వెంట వచ్చింది.

మేడం అప్పటికి మా దగ్గర తెలుగు నేర్చుకోను మొదలుపెట్టి ఉన్నింది. అవ్వను చూడగానే లేచి నిలబడి తెలుగులోనే మాట్లాడింది.

"అమ్మా, మీ కూతురు బాగ మాట్లాడతాడు. బడికి పంపాల."

అవ్వ నా వైపు చూసింది. "మాట్లాడతాడు అంటాదేందే, నిన్ను మగపిల్లోడు అనుకున్నాదా?" అని నాతో అని, మేడం వైపు తిరిగింది. "కూతురు కాదమ్మా, నా మనవరాలు. నా కొడుకు కూతురు. వాళ్ళమ్మ చేన్లో ఉండాది."

మేడం మొగం ఎర్రగా అయింది. నేను మధ్యలో నిలబడి ఆ మాట ఈమెకూ ఈ మాట ఆమెకూ అందించినాను. ముగ్గురికీ సంగతి అర్థమై ముగ్గురం నవ్వినాం. అవ్వ కొంగు విప్పి చెనక్కాయలు బల్ల మీద పోసింది.

"ఇంగిలీసు మా ఇంటికి అచ్చిరాదమ్మా. ఇది పాసవుతాదా?" అని అడిగింది. నేను కన్నడంలో చెప్పినాను.

మేడం ఒక కాయ ఒలుచుకుంటా ఆలోచించింది. "పాసు గురించి ఈ పొద్దే చెప్పలేను. రోజూ వస్తే మాత్రం మాట్లాడుతుంది. అది నేను మాట ఇస్తాను."

ఇంటికి పోయినాక అవ్వ మా నాయనతో అనింది. "అది బడికి పోనీ. దాని సాలు నేను పీకుతా."

"నీకు నడుము వంగుతాదా?" అన్నాడు నాయన.

"వంగే ఉండాది కదరా, ఇంగ వంగేది ఏముండాది."

మరుసటి పొద్దు నేను బడికి పోతా చూస్తే, చేన్లో నా సాలులో అవ్వ కూచుని పీకుతా ఉన్నింది. నన్ను చూసి చెయ్యి ఊపింది, పో పో అన్నట్టు. ఆ కాలమంతా ఆమె అట్లే పీకింది. నేను ఆ ఏడు మళ్ళ ఒక్క ఇంగ్లీషు క్లాసు కూడా వదలలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అంగడాయన కొడుకు నన్ను వెతుక్కుంటా ఏటి ఒడ్డుకు వచ్చినాడు. పినాకినిలో నీళ్ళు లేవు, ఇసకే. మేము ఆడపిల్లలం ఆ ఇసకలో కూచుని సద్ది తింటా ఉండినాం. సంగటి, దాంట్లోకి నువ్వుల పొడి. వాడు చేతిలో ఒక పొట్లం పట్టుకుని దూరంగా నిలబడినాడు. అప్పటికి వానికి వరసగా సున్నాలు వచ్చి ఉండాయి.

"తప్పు ఎట్ల రాయాలప్పా?" అన్నాడు.

మాకు నవ్వు ఆగలేదు. వాడు నవ్వలేదు. "నిజంగానే అడుగుతా ఉండా. నాకు రాదు. పెన్ను పట్టుకుంటే గైడులో మాటే వస్తాది. అది ఆపితే ఏమీ రాదు."

అప్పుడు నాకు వాని మీద జాలి కలిగింది. అంత తెలివైన పిల్లోనికి తనదంటూ ఒక మాట లేకపోవడం ఏందో అప్పుడే అర్థమైంది. పొట్లంలో బెల్లమూ పుట్నాలూ ఉండాయి. అందరం పంచుకున్నాం.

"పొద్దున మీ ఇంట్లో ఏం జరిగింది?" అని అడిగినాను.

"ఏమీ జరగలా."

"మీ నాయన ఏమీ అనలేదా?"

"తిట్టినాడు."

"యాల?"

"బెల్లం దిమ్మె ఎలుక కొరికింది. నేను మూత పెట్టలేదని తిట్టినాడు."

"అది చెప్పు ఇంగ్లీషులో."

"అది గైడులో లేదు."

"లేదు కాబట్టే చెప్పమనేది. ఎలుకను ఏమంటారో నీకు తెలుసు. బెల్లాన్ని ఏమంటారో మేడంను అడుగుదాం. తిన్నది ఎవురు, తిట్టినది ఎవురు, తిట్లు పడినది ఎవురు. వరసగా పెట్టుకుంటా పో."

వాడు చానాసేపు ఇసకలో పుల్లతో గీకినాడు. పెదవులు కదుపుకున్నాడు. కడాన మెల్లగా అన్నాడు. "రాట్ ఈట్. ఫాదర్ షౌట్ మీ. ఐ... ఐ నాట్ రాట్."

తిన్నది ఎలుక, తిట్టింది నన్ను, నేను ఎలుకను కాదు కదా అని. మా ఆడపిల్లల్లో ఒకామె నవ్వలేక ఇసకలో పడిపోయింది. ఈసారి వాడూ నవ్వినాడు. ఆ శనివారం వానికి ఐదు మార్కులు వచ్చినాయి. వాడు ఆ కాగితాన్ని ఎక్కడెక్కడో చూపించుకుంటా తిరిగినాడు.

చూపించుకుంటా తిరిగినందుకే వచ్చింది తంటా. అది వాళ్ళ నాయన కంట్లో పడింది. ముందరి సున్నాలన్నీ బయటికి వచ్చినాయి. సోమవారం మధ్యాహ్నం ఆయన అంగడి మూసి, కమిటీలో ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని బడికి వచ్చినాడు. హెడ్‌మేష్ట్రు వరండాలో కుర్చీలు వేయించినాడు. మా క్లాసు వాకిలి ఆ వరండాలోకే. లోపలున్న మాకు అంతా వినపడతా ఉంది.

"ఏంది సార్ ఇది," అన్నాడు అంగడాయన, హెడ్‌మేష్ట్రుతో. "జిల్లాలో ఫస్టు రావాల్సిన పిల్లోడు. అచ్చు మాదిరి రాసినదానికి సున్నా అంట. తప్పులు రాస్తే ఐదు అంట. ఎనుము తన్నింది అని రాసిన పిల్లకు ఆరు అంట. పిల్లోళ్ళను పాసు చేయిచ్చేకి వచ్చినారా, పాడు చేసేకి వచ్చినారా? ఈ పద్ధతి మారాల. లేదంటే మేడమే మారాల."

మేడం పోతే మళ్ళ బోర్డు మీద జవాబులే. అర్ధ వార్షికానికి ఇంగ ఎక్కువ దినాలు లేవు. చేన్లో నా సాలులో ఉండే అవ్వ కళ్ళ ముందర మెదిలింది.

మేడం కుర్చీలో నుంచి లేవలేదు. "మీ అబ్బాయినే పిలుద్దాం. ఏదైనా ఒక మాట మాట్లాడమందాం. గైడులోది వద్దు," అనింది.

వాన్ని పిలిచినారు. వాడు పోయి వాళ్ళ నాయన ముందర నిలబడినాడు. కిటికీలో నుంచి నేను అంతా చూస్తా ఉండినాను. వాడు నాయనను చూసినాడు, ఆయన చేతిలో ఉండే అంగడి తాళాలను చూసినాడు. తర్వాత ఒక్కొక్క మాటా నెమ్మదిగా, గట్టిగా అన్నాడు.

"టుడే ఫాదర్ క్లోజ్ షాప్. ఫాదర్ కమ్ టు స్కూల్. నౌ హూ ఈజ్ సెల్ సోప్?"

అంగడాయనకు ఇంగ్లీషు రాదు.

"ఏమన్నాడు?" అని హెడ్‌మేష్ట్రును అడిగినాడు. హెడ్‌మేష్ట్రు నవ్వు బిగబట్టుకుని "నువ్వే చెప్పప్పా" అని పిల్లోనికే వదిలినాడు.

"నువ్వు అంగడి మూసి ఈడికొచ్చినావు కదా నాన్నా. ఇప్పుడు సబ్బులు ఎవురు అమ్ముతారు అని అడిగినా."

కమిటీ వాళ్ళిద్దరూ పకపకా నవ్వినారు. అంగడాయన నవ్వలేదు. కొడుకును పైనుంచి కిందికి చూసినాడు.

"ఎవురు రాసిచ్చినారురా నీకు?"

"ఎవురూ లేదు నాన్నా. ఇప్పుడే అనుకున్నా. నాదే."

ఆయన తాళాలు జేబులో వేసుకున్నాడు. తర్వాత మేడం వైపు తిరిగినాడు. గొంతు మారింది.

"దీనికి ఎన్ని మార్కులేస్తారు?"

"ఐదు."

"ఐదేనా? అడిగిన మాటలో న్యాయం ఉండాది కదా మేడం. ఇంగొకటి వేయండి."

"తప్పు దిద్దుకుని రానీ, వేస్తాను," అనింది మేడం.

ఆయన లేచి అంగడికి పోయినాడు. పద్ధతి మార్చమని ఇంగెవురూ అడగలేదు. హెడ్‌మేష్ట్రు మాత్రం ఒక మాట చెప్పినాడు, పెద్ద పరీక్షల పేపర్లు ప్రభుత్వం లెక్క ప్రకారమే దిద్దాలని. మేడం ఒప్పుకుంది.

అర్ధ వార్షికంలో సొంత తప్పులకు సగం మార్కులు లేవు. అయినా నేను ఒక్క ప్రశ్న కూడా వదలకుండా రాసినాను. మార్కుల కార్డు ఇంటికి తెచ్చిన మాపటేళ నాయన గొర్రెలను దొడ్లోకి తోలుతా ఉన్నాడు. ఆయనకు చదువు రాదు. కార్డు అక్కకు ఇచ్చి చదవమన్నాడు. అక్క కన్నడం చదివింది, లెక్కలు చదివింది. ఇంగ్లీషు దగ్గర ఆగింది. ఆ ఆగడం చూసి అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ముప్పై తొమ్మిది," అనింది అక్క. "పాసే నాన్నా."

నాయన దొడ్డి తడిక కట్టి వచ్చి కూచున్నాడు. "అయితే పో బడికి," అన్నాడు నాతో. కొంచెంసేపటికి అక్క వైపు తిరిగినాడు. "నువ్వూ మళ్ళ రాస్తావా?"

అక్క లేచి లోపలికి పోయింది. ఆమె ఏడుస్తాదేమోనని నేను వెనకాలే పోయినాను. పెట్టె తెరిచి, మడిచి పెట్టిన లంగా వోణీ తీసి చూసుకుంటా ఉంది, బడికి వేసుకుపోయేది. మరుసటి వారం నుంచి బడి విడిచినాక మేడం గదిలో, ఆ కాఫీ వాసనలో, నా పక్కన మా అక్క కూచుని "టుడే" అని మొదలుపెట్టింది. మొదటిసారి రాసినప్పుడు తప్పింది. రెండోసారి గెలిచింది. తర్వాత పక్క ఊర్లో అంగనవాడి టీచరయింది.

మేము పదిలోకి వచ్చినాక మేడం మమ్మల్ని కూచోబెట్టి చెప్పింది. "బోర్డు పరీక్ష దిద్దేవాళ్ళకు మీ ఎనుము తెలీదు, మీ ఎలుక తెలీదు. వాళ్ళకు కావాల్సింది వాళ్ళకు ఇచ్చేది కూడా నేర్చుకోవాల." ఆ ఏడంతా మాతో వ్యాకరణం తోమించింది. ఆడుతా పాడుతా నేర్చిన మాకు అది చేదుగానే ఉన్నింది. కానీ చెప్పేదానికి మన దగ్గర మాట ఉన్నప్పుడు దాన్ని దిద్దుకోవడం పెద్ద పని కాదని అప్పుడు తెలిసింది. మా క్లాసులో చానామంది గెలిచినారు. మా ఇంట్లో మొదటిసారికే ఇంగ్లీషు గెలిచింది నేనే. అవ్వ వీధిలో కనపడిన ప్రతి మనిషి చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

ఆ ఎండాకాలమే మేడంకు వాళ్ళ వైపు ట్రాన్స్‌ఫరు అయింది. బస్సు దగ్గరికి మేమంతా పోయినాం. అంగడాయన ఒక డబ్బా బిస్కెట్లు తెచ్చినాడు. అవ్వ ఒక గోతాం చెనక్కాయలు తెచ్చింది, మొయ్యలేనంత. మేడం ఆమె చెయ్యి పట్టుకుని తెలుగులో అనింది.

"అవ్వా, నేను పోతా ఉండాది. మీరు అన్నం బాగ తినాల. ఎండలో పనికి పోవొద్దు."

ఈసారి అవ్వ అని సరైన మనిషినే పిలిచింది. బస్సు కదిలి, దుమ్ము అణిగినాక మా అవ్వ కళ్ళు తుడుచుకుని అనింది. "ఆమె తెలుగు కుంటుతాది. కుంటినా మన గడప దాకా వచ్చింది."

మేడంను నేను మళ్ళ చూడలేదు. యాడ ఉండాదో తెలీదు. అవ్వ పోయి చానా ఏండ్లయింది. అంగడాయన కొడుకు లాయరయి తుమకూరులో ఉండాడు, కోర్టులో గట్టిగానే మాట్లాడతాడంట. నేను పీయూసీతో, అంటే పన్నెండో తరగతితో, ఆపేసినాను, పెండ్లయింది, వంట నా బతుకయింది. దానికి నాకు చింత లేదు.

మా చేన్లు సోలారుకు ఇన్నేండ్లని గుత్తకు అడగడానికి ఆఫీసర్లు వచ్చిన పొద్దు ఊరంతా ఒక చోట చేరింది. ముందర కూచున్న వాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటా ఉండారు. మా మగవాళ్ళు చేతులు కట్టుకుని వింటా ఉండారు. వింటా ఉండారంటే, అర్థమైనట్టు తలలూపుతా ఉండారు. నేను ఆడవాళ్ళ గుంపులో నుంచి లేచినాను. కొంచెం కన్నడం, కొంచెం ఇంగ్లీషు కలిపి, గడువు తీరినాక మా నేల మాకు ఎట్ల వస్తాది, పలకలు పీకి గుంతలు పూడ్చేది ఎవురు అని అడిగినాను. ఇంగ్లీషులో ఎక్కడో తప్పు పోయినట్టుంది. కుర్చీల్లో ఒకాయన పక్కాయనను చూసి నవ్వినాడు. నేను నిలబడే ఉన్నాను, కూచోలేదు. ఆ నవ్వు అయిపోయినాక, మా ఊరి వాళ్ళందరూ ఆయన మొగమే చూస్తా ఉంటే, నవ్విన ఆ మనిషే కాగితాలు తిరగేసి, కన్నడంలో, మా అందరికీ అర్థమయ్యేటట్టు జవాబు చెప్పినాడు.